రెండుసార్లు కొట్టే కార్డు

నా నోరు మంచిది కాదని అందరూ అంటారు. అననీ. ఆ నోటితోనే చొక్కాల ఫ్యాక్టరీలో ఇరవై రెండేళ్ళు నెట్టుకొచ్చాను. అయితే ఇది నా కథ కాదు, మా వియ్యపురాలి కథ. ఇందులో నేను ఎంత తక్కువగా కనిపిస్తే అంత మంచిదనుకున్నాను గానీ, మొదలుపెట్టాక చూస్తే అది కుదిరేట్టు లేదు.

మా వియ్యపురాలు కాజాల మిషను మీద కూర్చుంటుంది. రోజుకి ఎన్ని వందల చొక్కాలకు గుండీ పట్టే కంతలు కుట్టిందో ఆవిడకే తెలియదు. నాది చివరి బల్ల. వేలాడే దారాలు కత్తిరించి, కాలరు తిప్పి చూసి, బాగుంటే పెట్టెలోకి, లేకపోతే వెనక్కి. ఆవిడ కుట్టిన కాజా వెనక్కి పంపిన రోజు నాకు గుర్తులేదు. మొహం మీద మాత్రం ఎప్పుడూ ఏదో పోగొట్టుకొని వెతుక్కుంటున్నట్టు ఉంటుంది. గట్టిగా తలుపేస్తే ఉలిక్కిపడుతుంది. సూపర్‌వైజరు నవ్వుతూ పిలిచినా సరే, లేచి వెళ్ళేలోపు ముచ్చెమటలు పోస్తాయి.

పద్నాలుగేళ్ళ కిందట ఆవిడ పనిలో చేరిన రోజున గేటు దగ్గర గడియారం చూపించింది నేనే. అట్ట కార్డు అందులో పెట్టి పిడి నొక్కితే ఠక్కుమని టైము పడుతుంది. అక్కడే ఉంది మెలిక. నేను చేరిన కొత్తలో ఒకసారి ఠక్కుమంది గానీ టైము పడలేదు. సగం రోజు జీతం ఎగిరిపోయింది. నేను అరిచి గోల చేసినా ఎవడూ వినలేదు. ఆ మర్నాటి నుంచి రెండుసార్లు కొట్టడం మొదలుపెట్టాను. ఒకదానిమీద ఒకటి పడినా నష్టం లేదు కదా. నన్ను చూసి పక్కవాళ్ళు, వాళ్ళను చూసి కుట్టు విభాగం, చివరికి ఫ్యాక్టరీ మొత్తం రెండుసార్లు కొట్టేది.

"రెండుసార్లు కొట్టు. ఒకసారి కొడితే దానికి వినబడదు" అన్నాను ఆ రోజు.

"మూడోసారి కూడా కొట్టమంటారా అక్కా?" అందావిడ.

"నీ మొహం! రెండు చాలు."

అప్పట్లో నన్ను అక్కా అనేది. అయిదేళ్ళ కిందట ఆవిడ కూతుర్ని మా అబ్బాయికి చేసుకున్నాం. ఆ రోజు నుంచి నేను వదినగారినైపోయాను. నాకు మాత్రం కొత్త మర్యాదలకి నోరు తిరగలేదు. నువ్వు అనే అంటాను. ఆవిడ ఏనాడూ ఏమీ అనుకోలేదు.

ఇద్దరికీ మొగుళ్ళు పోయారు. నేను ఫ్యాక్టరీ వెనక సందులో ఒక గదిలో ఉంటాను. పనికి నడిచి వెళతాను. ఆవిడ కూతురి దగ్గర ఉంటుంది. వాళ్ళ ఇల్లు ఊరి చివర, అద్దె తక్కువని. మా అబ్బాయి సరుకుల వ్యాను నడుపుతాడు, మూడు రోజులకోసారి ఇంటికొస్తాడు. కోడలు ఒక ల్యాబులో రక్తపరీక్షల పని. మధ్యాహ్నం వెళితే రాత్రే రావడం. వాళ్ళకో పిల్ల, మూడేళ్ళది, మా ఇద్దరి ప్రాణాలూ దానిమీదే. మధ్యాహ్నం డ్యూటీకి వెళుతూ కోడలు దాన్ని క్రెష్‌లో దింపుతుంది. నాలుగింటికి షిఫ్టు దిగి మా వియ్యపురాలు బస్సెక్కి, అయిదులోపు తీసుకోవాలి. నా షిఫ్టు ఆరింటికి గానీ అవదు.

ఆ క్రెష్‌లో చోటు దొరకడానికి ఏడాది పట్టింది. ఫీజు తక్కువ, మనుషులు మంచివాళ్ళు, జాబితాలో ఇంకా నలభై మంది పిల్లలు ఎదురుచూస్తున్నారు. అందుకని ఒక నియమం పెట్టారు. అయిదు దాటాక మూడుసార్లు వస్తే చోటు వెనకవాళ్ళకి ఇచ్చేస్తారు. మా పిల్లను చేర్చిన రోజున ఎవరెవరు తీసుకెళ్ళొచ్చో వాళ్ళ ఫొటోలు ఇమ్మన్నారు. "అత్తయ్యా, మీ ఫొటో కూడా ఒకటి ఇవ్వండి" అంది కోడలు.

"ఈ వయసులో నన్ను బస్సుల వెంట పరిగెత్తించకు తల్లీ. మోకాళ్ళు నావి. మీ అమ్మ ఉందిగా" అన్నాను. అదీ సంగతి.

ఇక బస్సుల భాగోతం. ఇదివరకు కండక్టరు ఉండేవాడు. డబ్బులిస్తే టికెట్టు, గొడవ లేదు. ఎనిమిది నెలల కిందట కండక్టర్లను తీసేసి తలుపు దగ్గర కార్డు మిషన్లు పెట్టారు. పెట్టిన నెలకే ఛార్జీలు పెంచారు. మినిమం ఛార్జీయే మండిపోతోంది. పద్నాలుగో నంబరు బస్సులు రెండు రకాలు, నీలంవి ఒక కంపెనీవి, పసుపువి ఇంకో కంపెనీవి. నంబరు ఒకటే, దారి ఒకటే, ఒకదాని కార్డు రెండోదానిలో పనిచేయదు. ఎక్కేటప్పుడు కొట్టాలి, దిగేటప్పుడు కొట్టాలి. దిగేటప్పుడు మర్చిపోతే ఆఖరి స్టాపు దాకా ఛార్జీ లాగేస్తారు. వీటన్నిటినీ తలుపు పక్కన కాగితం మీద చీమల్లాంటి అక్షరాలతో అచ్చువేసి అతికించారు. కదిలే బస్సులో అది చదివేవాడెవడో నాకు చూడాలని ఉంది.

ఫ్యాక్టరీ వాళ్ళు అందరికీ కాస్త డబ్బు వేసిన నీలం కార్డులు ఇప్పించారు. నాది బల్ల సొరుగులో పడేశాను. మా వియ్యపురాలు కార్డుకి గుడ్డతో చిన్న సంచి కుట్టి, దానికో కాజా, గుండీ పెట్టి, మెళ్ళో వేసుకుంది. మొదటి రోజు బయలుదేరబోతూ నా బల్ల దగ్గరికొచ్చింది.

"బస్సులో కూడా రెండుసార్లే కదండీ?"

"మిషను ఏదైనా మిషనే. రెండుసార్లు కొట్టు. నీకే మంచిది" అన్నాను, తలెత్తకుండా.

నెల తిరగకముందే కార్డులో డబ్బులు నిలవడం లేదని గొణగడం మొదలుపెట్టింది. వారానికని వేయించుకున్నది గురువారానికే అయిపోతోంది. కౌంటరులో అడిగితే "ఛార్జీ ఎంతో అంతే పోతుందమ్మా" అన్నారట. అడిగేవాళ్ళు వెనక ఇరవై మంది ఉంటే ఈవిడేం నిలబడి వాదిస్తుంది? పొద్దున బస్సు మానేసి, గంటన్నర ముందు లేచి, దారంతా నడిచి రావడం మొదలుపెట్టింది. కాజాలు కుట్టేవాళ్ళకి కళ్ళే ఆధారం. కొత్త కళ్ళజోడు కావాలని డాక్టరు రాసిచ్చి చాలా కాలమైంది. అది వచ్చే నెల, వచ్చే నెల అంటూ జరుపుతూ వచ్చింది. ఆ నెలలన్నీ బస్సు తినేసింది.

ఒకరోజు భోజనాల దగ్గర మెల్లగా అంది. "వదినగారూ, రెండోసారి కొడితే తెరమీద వేరే మాట వస్తోందండీ."

"ఏం మాట?"

"ధన్యవాదాలు అని. దానికింద ఇంకేదో సన్నగా ఉంది, నాకు ఆనలేదు."

"ధన్యవాదాలంటే మంచిదే కదా! మిషను మర్యాద చేసినా భయమేనా నీకు?"

బల్ల చుట్టూ అందరూ నవ్వారు. ఆవిడ కూడా నవ్వింది. ఇంకో నాలుగు రోజులకి మళ్ళీ అదే ఎత్తింది. నాకు చిర్రెత్తుకొచ్చింది. "నీకన్నీ అనుమానాలే! చెప్పింది చెయ్యి" అన్నాను. ఆ తర్వాత ఎత్తలేదు.

మొదటిసారి ఆలస్యం పసుపు బస్సు వల్ల జరిగింది. వానలో రంగు చూసుకోకుండా ఎక్కేసింది, తర్వాతి స్టాపులో దింపేశారు. అయిదూ తొమ్మిదికి చేరింది. రెండోసారి కార్డు ఖాళీ. డ్రైవరు ఎక్కనివ్వలేదు. అయిదూ పావు. క్రెష్ టీచరమ్మ చెడ్డది కాదు. "ఇంకొక్కసారి అయితే నా చేతుల్లో ఉండదండీ" అని ముందే చెప్పింది, పాపం.

ఆ రోజు నుంచి మా వియ్యపురాలికి అన్నం సయించలేదు. మూడున్నర అయ్యేసరికి గోడమీద గడియారం చూడటం మొదలు. వేళ్ళు మిషను మీద ఉన్నా చెవులు గంట కోసం. మెళ్ళో సంచి తడుముకొని గుండీ విప్పి కార్డు చూసుకుని మళ్ళీ పెట్టుకునేది. ఒక్క సాయంత్రం మళ్ళీ ఏదైనా అయితే పిల్లకి చోటు పోతుంది, కోడలు పని మానాలి, మా అబ్బాయి ఒక్కడి సంపాదనతో ఆ ఇల్లు గడవదు. ఈ లెక్క ఆవిడకీ తెలుసు, నాకూ తెలుసు. "ఏం కాదులే" అనేదాన్ని. నాకూ లోపల బెరుకుగానే ఉండేది.

ఆ మంగళవారం నాలుగూ ఇరవై అయిదుకి సూపర్‌వైజరు నన్ను పిలిచాడు. మా ఫోన్లన్నీ ఆయన దగ్గర పెట్టెలో ఉంటాయి. నాది ఆగకుండా మోగుతోందట. తీశాను.

"వదినగారూ, నేను బస్సులో లేనంటున్నారండీ" అంది ఏడుపు గొంతుతో.

"అదేంటి? మరి ఎక్కడున్నావు?"

"బస్సులోనే ఉన్నానండీ! చెకింగ్ ఆయన ఎక్కాడు. కార్డు మిషనులో పెట్టి చూసి, మీరు ఫ్యాక్టరీ స్టాపులోనే దిగిపోయారు, ఈ బస్సులో లేరు అంటున్నాడు. నేను బస్సులో లేకపోతే ఇక్కడ నిలబడింది ఎవరు బాబూ అన్నాను. ఇలాంటి ఎత్తులు చాలా చూశామన్నాడు. నన్ను దింపేసి డిపో ఆఫీసులో కూర్చోబెట్టారు. పెద్దాయన వచ్చేదాకా పంపరట. అమ్మాయి ఫోన్ ఎత్తడం లేదు. అల్లుడు ఎక్కడో దూరాన ఉన్నాడు. వదినగారూ, పాప..."

కత్తెర బల్లమీద పడేసి, కళ్ళజోడు కూడా తీయకుండా, సొరుగులోని నీలం కార్డు పట్టుకొని పరిగెత్తాను. గేటు దగ్గర గడియారం మాత్రం మరువలేదు. ఠక్, ఠక్. నాలుగూ ముప్ఫై ఒకటికి నీలం పద్నాలుగు వచ్చింది. ఎక్కి కార్డు కొట్టాను. కుయ్‌మంది. చెయ్యి దానంతట అదే మళ్ళీ వెళ్ళింది. ఈసారి కుయ్, కుయ్ అని రెండు కూతలు.

తెరమీద పెద్దగా ధన్యవాదాలు అని వచ్చింది. కళ్ళజోడు నా ముక్కుమీదే ఉంది కదా, కింది సన్నటి అక్షరాలు నాకు బాగానే కనబడ్డాయి. మీ ప్రయాణం ముగిసింది.

బస్సు కదిలింది. "బాబూ, ఇదేంటి? ముగిసిందంటోంది!" అన్నాను డ్రైవరుతో.

"రెండుసార్లు కొడితే దిగిపోయినట్టేనమ్మా. మినిమం పోయింది. మళ్ళీ కొట్టండి, మళ్ళీ ఎక్కినట్టు రాసుకుంటుంది." కొట్టాను. ఆయన అద్దంలో చూస్తూ అన్నాడు, "మీ ఫ్యాక్టరీ స్టాపులో ఎక్కేవాళ్ళంతా ఇంతే. ఎక్కేటప్పుడు రెండు, దిగేటప్పుడు రెండు. ఎందుకో మరి!"

"చూస్తూ ఊరుకుంటావా? చెప్పొచ్చు కదా నాయనా!"

"బండి నడపనా, కార్డులు లెక్కపెట్టనా?"

ఇంకోరోజైతే వాడి తాట తీసేదాన్ని. ఆ రోజు వెళ్ళి సీట్లో కూర్చున్నాను. ఎక్కినప్పుడొక మినిమం, దిగినప్పుడొక మినిమం. మధ్యలో ఉన్న దారంతా ఆవిడ టికెట్టు లేకుండానే వెళ్ళింది. రెండు ఛార్జీలు కట్టి దొంగలా వెళ్ళింది, ఎనిమిది నెలలు. పొద్దున నడక, రాని కళ్ళజోడు, మంగళవారం డిపోలో బెంచీ, అన్నీ నేను తలెత్తకుండా చెప్పిన ఒక్క ముక్క వల్ల.

దారిలో రెండు సిగ్నళ్ళు పడ్డాయి. ఒకచోట లారీ అడ్డంగా తిరుగుతోంది. నేను ముందు సీటు కమ్మీ పట్టుకొని, డ్రైవరేదో నా మాట వింటున్నట్టు "పోనీ, పోనీ" అంటూనే ఉన్నాను. ప్రతి స్టాపులో చెకింగ్ వాడు ఎక్కుతాడేమోనని తలుపు వైపు చూపు. నాలుగూ యాభై ఆరు. దిగేటప్పుడు కుడి చెయ్యి ఒకసారి కొట్టింది, రెండోసారి లేవబోతుంటే ఎడమ చేత్తో పట్టుకొని లాక్కున్నాను. నమ్మండి, ఆ చెయ్యి నాది కానట్టు లాగాల్సి వచ్చింది.

నాలుగూ యాభై ఎనిమిదికి క్రెష్ గేటు దగ్గర ఉన్నాను. మోకాళ్ళు మండిపోతున్నాయి గానీ, అమ్మయ్య అనుకున్నాను. టీచరమ్మ ఊచల అవతలి నుంచి చూసింది.

"ఎవరండీ మీరు?"

"పాప నానమ్మను. వాళ్ళ అమ్మమ్మ రాలేకపోయింది. పిల్లను పంపండి."

లోపలి నుంచి నా గొంతు విని పిల్ల పరిగెత్తుకొచ్చింది. "నానమ్మా!" అని ఊచల్లోంచి చెయ్యి పెట్టి నా వేలు పట్టుకుంది. టీచరమ్మ రిజిస్టరు తిరగేసింది. అమ్మ, నాన్న, అమ్మమ్మ. మూడు ఫొటోలు. నాలుగో గడి ఖాళీ.

"మీ ఫొటో లేదండీ. ఇవ్వలేను."

"పిల్ల నన్ను నానమ్మా అంటోంది కదమ్మా! చెవులున్నాయా లేవా?"

"పిల్లలు ఎవర్నైనా ఏమైనా అంటారండీ. నాకు ఫొటో కావాలి. వాళ్ళ అమ్మకి చేద్దామా?" చేసింది. ఎత్తలేదు. అరిచాను. తర్వాత బతిమాలాను. నా జన్మలో అంతగా ఎవర్నీ బతిమాలలేదు. నేను టైముకే వచ్చాను కదా, అది రాయమన్నాను. "తీసుకెళ్ళడానికి వీలున్నవాళ్ళు వచ్చిన టైమే రాయాలండీ" అంది. ఆవిడ కళ్ళల్లో కూడా నీళ్ళున్నాయి. గోడమీద ముల్లు అయిదు దాటింది. పిల్ల నా వేలు వదల్లేదు.

అయిదూ పదకొండుకి మా వియ్యపురాలు సందు మలుపు తిరిగింది. డిపోలో ఏవో కాగితాల మీద సంతకం పెట్టించుకుని, కార్డు ఉంచేసుకుని వదిలారట. అక్కణ్ణుంచి పరుగే. దూరం నుంచే గేటు దగ్గర నన్ను చూసి ఆవిడ మొహం వెలిగిపోయింది. "వచ్చారా వదినగారూ! మీరొస్తారని తెలుసు నాకు! దేవుడిలా వచ్చారు!" అంది రొప్పుతూ. అప్పుడు చూసింది, పిల్ల ఇంకా ఊచలకి అవతలే ఉందని.

టీచరమ్మ గేటు తెరిచి రిజిస్టరు చాపింది. 5.11. దాని పక్కన మూడు అని రాసింది.

ఇంటికి నడిచే వెళ్ళాం. పిల్లని ఎత్తుకుంటానంటే ఇవ్వలేదు ఆవిడ. కొంత దూరం పోయాక చెప్పేశాను, బస్సులో నేను చూసింది, డ్రైవరు చెప్పింది, అంతా. "నాదే తప్పు వదినా. గేటు గడియారం బుద్ధి బస్సుకి తగిలించాను. నువ్వు అడిగావు కూడా" అన్నాను. తిట్టమన్నాను. కనీసం ఒక్క మాట అనమన్నాను.

"నాకు అనుమానం వచ్చిందండీ" అంది పిల్లని భుజం మార్చుకుంటూ. "ఒకరోజు ఒక్కసారే కొట్టి చూద్దామనుకున్నాను. మీరు చెప్పాక మళ్ళీ నేను చూడటమేంటని మానేశాను."

నాకు అప్పుడు ఏడుపొచ్చింది. నడిరోడ్డు మీద, సిగ్గు లేకుండా ఏడ్చాను. పిల్ల తన చొక్కా అంచుతో నా మొహం తుడిచింది.

కోడలు వెళ్ళి ఎంత చెప్పినా క్రెష్ వాళ్ళు వినలేదు. సోమవారానికి మా పిల్ల చోట్లోకి ఇంకో పిల్ల వచ్చేసింది. అంతకుముందు బుధవారమే భోజనాల దగ్గర అందరికీ చెప్పాను, బస్సులో ఒక్కసారే కొట్టండర్రా అని. సగం మంది నమ్మారు. మిగతావాళ్ళు కార్డులు చూసుకొని, ఇన్నాళ్ళూ పోయిన డబ్బు తలుచుకొని నన్ను తిట్టారు. తిట్టనీ.

పిల్లని ఎవరో ఒకరు చూడాలి. కాజాలు కుట్టే చెయ్యి మానితే ఇల్లు నడవదు. దారాలు కత్తిరించే చెయ్యి మానొచ్చు. నేనే మానేస్తానన్నాను. మా వియ్యపురాలు వద్దని ఏడ్చింది. "నోర్ముయ్యి, ముందు కళ్ళజోడు కొనుక్కో" అన్నాను. సందులో గది ఖాళీ చేసి, ఉన్న నాలుగు సామాన్లూ మా అబ్బాయి వ్యానులో వేయించాను.

చివరి రోజు సాయంత్రం ఆరింటికి గేటు దగ్గర కార్డు గడియారంలో పెట్టి పిడి నొక్కాను. ఠక్కుమంది. చెయ్యి మళ్ళీ లేచింది. ఆపాను. ఇక జీతం కోతపడితే పడనీ, ఇరవై రెండేళ్ళలో మొదటిసారి ఒక్కసారే కొట్టి కార్డు బయటికి తీశాను. తారీఖు, గంట, నిమిషం, ఒక్క గీత చెదరకుండా పడి ఉన్నాయి.

"ఇది ఎప్పుడు బాగు చేశారు?" అని అడిగాను గేటు దగ్గర కూర్చునే ముసలాయన్ని.

"పదిహేనేళ్ళ కిందటే లోపలి మిషను మొత్తం మార్చారమ్మా, పైడబ్బా మాత్రం పాతది. మీరంతా రెండేసిసార్లు ఎందుకు కొడతారా అని నాకు ఎప్పుడూ అనిపిస్తూనే ఉంటుంది" అన్నాడు.